విరాళమా, టెండరా? ఒక మెయింటెయినర్ అనుభవం

ప్రభుత్వాలు తాము ఆధారపడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి (కోడ్ ఎవరైనా చూసి, ఉచితంగా వాడుకోగలిగేదానికి) విరాళం ఇవ్వాలా, టెండర్ పిలిచి కాంట్రాక్టు ఇవ్వాలా అని అడిగారు. రెండిట్లోనూ ఉన్న తిప్పలు నాకు కొంచెం తెలుసు.

తొమ్మిదేళ్లుగా ఒక చిన్న లైబ్రరీకి, అంటే వేరే సాఫ్ట్‌వేర్లలో కలిపి వాడుకునే కోడ్‌కి, మెయింటెయినర్‌ని; దాని బాగోగులు నేనే చూసుకుంటున్నాను. పీడీఎఫ్ ఫైళ్లలోంచి అక్షరాలు బయటికి తీయడం, అంతే దాని పని. ఒక ప్రభుత్వ శాఖ దాన్ని వాడుతోందన్న సంగతే ఫిర్యాదు వచ్చాక తెలిసింది. శుక్రవారం రాత్రి మెయిల్. లోపం ఉంది, సోమవారానికల్లా సరిచేయాలి, జతచేసిన ఎక్సెల్ షీట్ నింపి పంపాలి. అందులో ఒక గడి: 'మీ సెక్యూరిటీ టీమ్ హెడ్ పేరు'. టీమ్ అంటే నేనొక్కణ్ణే, అదీ పిల్లలు పడుకున్నాక. మార్చాల్సింది రెండు లైన్లే. వాటివల్ల పాత ఫైళ్లేవీ చెడిపోవడం లేదని చూసుకోవడానికి మూడు రాత్రులు పట్టింది.

ఆ శాఖలోని ఒక అధికారి, నిజంగా మంచి మనిషి, ఎంతో కొంత డబ్బు ఇప్పించాలని చూశారు. వెండర్‌గా నమోదవ్వాలన్నారు, మూడేళ్ల టర్నోవర్ చూపించాలన్నారు, మూడు కొటేషన్లు కావాలన్నారు. నా లైబ్రరీ బాగుచేయడానికి నాకు పోటీగా ఇంకో ఇద్దరిని ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చేది? ఫైలు అక్కడే ఆగిపోయింది. ఆ సిస్టమ్ కట్టిన కాంట్రాక్టరు మెయింటెనెన్స్ బిల్లు మాత్రం ఏ ఏడూ ఆగలేదు.

పోనీ విరాళాలా అంటే, వెబ్‌సైట్లకీ మనకీ మధ్య నడిచే సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌నే చూడండి. 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడేనాటికి లెక్కలేనన్ని వెబ్‌సైట్లు దానిమీదే నడుస్తున్నాయి. ఏడాదికి వచ్చే విరాళాలు మాత్రం దాదాపు 2,000 డాలర్లు. ఇల్లు అంటుకున్నాకే అందరూ బావి తవ్వడానికి వచ్చారు. బగ్ బౌంటీల (లోపం పట్టిచ్చినవాళ్లకి ఇచ్చే బహుమతుల) మీద కూడా నాకు పెద్ద ఆశ లేదు. 2019లో యూరోపియన్ కమిషన్ వీఎల్‌సీ, పుట్టీ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లకి వాటిని పెట్టింది. లోపం చూపించినవాడికి డబ్బు సరే, కూర్చుని దాన్ని సరిచేసేవాడి టైమ్‌కి ఎవరిస్తారు?

నాకు నచ్చింది జర్మనీ పద్ధతి. 2022లో ఆర్థిక వ్యవహారాల శాఖ నిధులతో సావరిన్ టెక్ ఫండ్ మొదలుపెట్టారు. కొత్త ఫీచర్ల మోజు లేకుండా, టెస్టులు, సెక్యూరిటీ, పాత కోడ్ శుభ్రం చేయడం లాంటి ఎవరికీ కనిపించని పనికి డబ్బిస్తారు. తర్వాత మెయింటెయినర్లకే నేరుగా ఇచ్చే ఫెలోషిప్ కూడా పెట్టారు. కోడ్ చదవగలిగిన మనుషులున్న ఇలాంటి ఒక చిన్న సంస్థ మధ్యలో ఉంటే, ప్రతి శాఖా విడివిడిగా నాలాంటివాడి టర్నోవర్ అడగక్కర్లేదు. కాంట్రాక్టర్ల ఒప్పందంలో కూడా ఒక షరతు పెట్టొచ్చు: సరిచేసిన కోడ్ మీ దగ్గరే దాచుకోకండి, అసలు ప్రాజెక్టుకి పంపండి అని.

ఒక్క మాట, డబ్బంతా ఒక్కడి చేతిలో పోయడం నాకిష్టం లేదు. 2024లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ వ్యవహారంలో ఏం జరిగింది? అలసిపోయిన ఒంటరి మెయింటెయినర్‌కి సాయం చేస్తానని వచ్చిన మనిషి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి కోడ్‌లో దొంగదారి (బ్యాక్‌డోర్) పెట్టాడు. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఒక ఇంజనీరు ఆరా తీయబట్టి దొరికింది. అందుకే నన్నడిగితే, నాకు నెలకు నాలుగు రోజుల జీతం ఇవ్వండి. నేను రాసింది చదివి తప్పులు పట్టే ఇంకొకరికి రెండు రోజులది ఇవ్వండి.