మీ చార్టు నిజమే కావచ్చు, ఈఎంఐ మాత్రం ఆగదు

ప్రశ్న: నా వయసు 34. ఇద్దరు పిల్లలు, ఇంట్లో నా ఒక్కడి జీతమే. 11 నెలలుగా 37 రోజుల సగటు ధరను బట్టి ఇండెక్స్ (మార్కెట్‌లోని పెద్ద షేర్ల బుట్ట) కొంటూ, అమ్ముతూ వస్తున్నాను. 20, 30, 50 రోజులు కూడా వేసి చూశాను, పాత ధరలకు 37 బాగా కుదిరింది. 9 నెలలు లాభమే వచ్చింది. మార్కెట్ కదలికలు ర్యాండమ్, అంటే ముందే ఊహించలేనివి అంటారు గానీ నాకలా అనిపించడం లేదు. నా డబ్బుకు రెండింతలు పర్సనల్ లోన్ తీసుకుని ఇందులో పెట్టవచ్చా? పొదుపు ఖాతాలో ఒక నెల జీతం ఉంది. ఆఫీసు ఆరోగ్య బీమా ఉంది.

జవాబు: వద్దు. లోన్ దరఖాస్తు ఇంకా పంపకపోతే అక్కడే ఆపేయండి. మార్కెట్ కాస్త బాగున్నప్పుడల్లా ఇలాంటి ఉత్తరాలు ఎక్కువవుతాయి, అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ రికార్డు సంగతి. నాణెం 11 సార్లు ఎగరేస్తే కనీసం 9 సార్లు బొమ్మ పడే అవకాశం సుమారు 3.3 శాతం. అంటే 30 మంది ఎగరేస్తే ఒకరికి పడుతుంది. ఆ ఒక్కరే నాకు ఉత్తరం రాస్తారు, మిగతా 29 మంది రాయరు. పైగా మార్కెట్ పెరుగుతున్న ఏడాదిలో ఏ సూత్రం పట్టుకున్నా ఎక్కువ నెలలు లాభమే కనిపిస్తుంది. ఇక ఆ 37 ఉందే, అది పాత ధరల కొలతలతో కుట్టిన చొక్కా. తొడగాల్సింది రేపటి ధరలకు.

ర్యాండమా కాదా అన్న వాదన 1900లో ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త బషెలియే పారిస్‌లో థీసిస్ రాసినప్పటి నుంచీ ఉంది. ధరలను ముందుగా పసిగట్టడం చాలా కష్టమన్న ఆర్థికవేత్త ఫామాకు, దీర్ఘకాలంలో కొంత అంచనా వేయవచ్చన్న మరో ఆర్థికవేత్త షిల్లర్‌కు 2013లో ఒకే నోబెల్ పంచారు. ఆ వాదన తేలేదాకా మీ ఇంటి ఖర్చులు ఆగవు కదా.

నిజానికి కొంతవరకు పసిగట్టగలిగేది ఒకటుంది. ఒక పెద్ద కదలిక వస్తే దాని వెనకే, ఎటువైపైనా సరే, మరో పెద్ద కదలిక వస్తుంటుంది. పత్తి ధరలు చూసి గణిత శాస్త్రవేత్త మాండెల్‌బ్రాట్ ఈ మాట 1963లోనే రాశాడు. ఇది మీకు అనుకూలం కాదు. 2020 మార్చిలో అమెరికా ఎస్‌అండ్‌పీ 500 సూచీని, అంటే అక్కడి పెద్ద కంపెనీల షేర్ల ఇండెక్స్‌ను చూడండి. 12వ తేదీన 9.5 శాతం పడింది, 13న 9.3 శాతం లేచింది, 16న 12 శాతం పడింది. మీ సూత్రం ముందే అమ్మేయమని చెప్పేదేమో. కానీ లోన్ డబ్బు పెట్టినవాడు అలాంటి వారంలో సూత్రం చూడడు, ఈఎంఐ తేదీ చూస్తాడు.

లెక్క వేయండి. మీది ఒక భాగం, అప్పు రెండు భాగాలు. ఆ ఏడాది ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 వరకు ఆ సూచీ 34 శాతం పడింది. మూడు భాగాల్లో 34 శాతం అంటే 1.02. మీ డబ్బు మొత్తం పోయి, అప్పు సొమ్ములోనూ కొంత పోతుంది. అలాంటప్పుడే కంపెనీలు మనుషులను తీసేస్తాయి, ఉద్యోగంతోపాటు మీ ఆరోగ్య బీమా కూడా పోతుంది. 1998లో లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే అమెరికా పెట్టుబడి సంస్థలో భాగస్వాములుగా ఇద్దరు నోబెల్ గ్రహీతలు ఉన్నారు, లెక్కల్లో వారికి సాటి లేరు. సొంత డబ్బుకు సుమారు 25 రెట్లు అప్పు చేశారు. చివరికి 14 సంస్థలు కలిసి 360 కోట్ల డాలర్లకు పైగా పోసి నిలబెట్టాల్సి వచ్చింది. తర్వాత ఆ సంస్థలు తమ డబ్బు వెనక్కి తెచ్చుకున్నాయి, ఎందుకంటే ఆగగలిగే డబ్బు వాళ్ల దగ్గరుంది. మీ దగ్గరున్నది ఒక నెల జీతం.

అందుకే ముందు అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చులు అని అందరికీ చెబుతాను. ఒక్క జీతం, ఇద్దరు పిల్లలు కాబట్టి మీకు తొమ్మిది. స్కూలు ఫీజులు, అద్దె, బీమా ప్రీమియం అన్నీ కలిపి లెక్క వేయండి. అడిగిన రోజే చేతికొచ్చే చోట ఉంచండి, వడ్డీ తక్కువని బాధపడకండి. షేర్లలో ఉన్నది అత్యవసర నిధి కాదు, “అవసరమైతే అమ్మేస్తాను” అనడం ప్లాన్ కాదు. ఈ 11 నెలల్లో వచ్చిన లాభం మొత్తం ముందు ఇందులోకి మళ్లించండి.

టర్మ్ బీమా, ఆఫీసుతో సంబంధం లేని సొంత ఆరోగ్య పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. దీర్ఘకాలానికి నెలనెలా ఇండెక్స్ ఫండ్ చాలు. ట్రేడింగ్ సరదా ఉంటే, మొత్తం పోయినా ఇంట్లో ఎవరికీ తెలియనంత చిన్న సొంత మొత్తంతో చేసుకోండి.

తొమ్మిది నెలల డబ్బు పోగయ్యాక మళ్లీ రాయండి. అప్పుడు 37 రోజుల రికార్డు మొత్తం పంపండి, ఆ నష్టపోయిన రెండు నెలల్లో ఎంత పోయిందో కూడా. ఈసారి ఉత్తరంలో అది మాత్రం రాయలేదు.