మార్కెటింగ్ పాఠంపై విద్యార్థికి ఆసక్తి ఎలా పుడుతుంది?

"ఎంబీఏలో మార్కెటింగ్ అంటే నాలుగు 'పీ'లు (ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్) బట్టీ పట్టడమేనా? కేస్ స్టడీలు పెడితే ఆసక్తి పెరుగుతుందా?" అని అడిగారు. పెరుగుతుంది, కానీ కేస్ (ఓ సంస్థకు నిజంగా ఎదురైన సమస్య) పెట్టినంత మాత్రాన కాదు.

కేస్‌లతో పాఠం చెప్పడం హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో 1920లలో స్థిరపడిన పద్ధతి. దాని బలమంతా "ఆ మేనేజర్ కుర్చీలో మీరుంటే ఏం చేస్తారు?" అనే ప్రశ్నలో ఉంది. లెక్చరరే కేస్ చదివి, జవాబూ తనే చెప్పేస్తే అది ఇంకో పాఠం అయిపోతుంది, అంతే. నాకు బాధ కలిగించేది అదే.

డెసీ, ర్యాన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ఆసక్తి లోపలి నుంచి రావాలంటే మూడు కావాలి: సొంతంగా ఎంచుకునే వీలు, చేయగలననే నమ్మకం, తోటివాళ్లతో అనుబంధం. అటెండెన్స్ టెన్షన్ మనిషిని క్లాసుకు రప్పిస్తుంది, మనసును కాదు.

ధర గురించి చెప్పే ముందు విద్యార్థులను ఇద్దరిద్దరిగా కిరాణా కొట్టుకు పంపి చూడండి. అక్కడ తోరణాల్లా వేలాడే షాంపూ ప్యాకెట్లలో మిల్లీలీటరుకు ఎంత పడుతుందో, అదే బ్రాండ్ సీసాలో ఎంతో లెక్క కట్టమనండి. చాలాసార్లు ప్యాకెట్టే చవక. పెద్దది కొంటే కలిసొస్తుందని నమ్మిన కుర్రాడు రెండోసారి లెక్క చూసుకుని, "ఎందుకిలా సార్?" అని తనే అడుగుతాడు. పాఠం అప్పుడు మొదలుపెట్టండి.

ఏ కొట్టు, ఏ సరుకు అన్నది వాళ్లకే వదిలేయండి. మొదటిసారి మార్కులు వేయకుండా, లెక్క ఎక్కడ తప్పిందో మాత్రం కూర్చోబెట్టి చెప్పండి.