మార్చిన తుంటి కీలు మళ్లీ వదులైతే

ప్రశ్న: మా నాన్నగారికి పదిహేనేళ్ల క్రితం తుంటి కీలు మార్పిడి జరిగింది. ఆరు నెలలుగా కుర్చీలోంచి లేచి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు తొడలో నొప్పి వస్తోంది, ఆ తర్వాత సర్దుకుంటోంది. ఇంప్లాంట్ వదులైందని, రివిజన్ సర్జరీ (పాత ఇంప్లాంట్ తీసి కొత్తది అమర్చే ఆపరేషన్) అవసరమని డాక్టరుగారు అన్నారు. ఆయన ఎక్కడా పడలేదు. మరి ఎందుకు వదులైంది? నొప్పి ఓర్చుకోగలిగినంతకాలం ఆగవచ్చా?

జవాబు: లేవగానే తొడలో వచ్చే నొప్పి, తొడ ఎముకలో దిగేసిన స్టెమ్ (లోహపు కాడ) వదులైనప్పుడు తరచుగా కనిపించే లక్షణం. గజ్జలో నొప్పి ఉంటే ముందుగా కటి ఎముకలో అమర్చిన గిన్నెలాంటి కప్పును అనుమానిస్తాం.

పడకపోయినా ఇంప్లాంట్ వదులవుతుంది. స్టెమ్ పైనుండే గుండ్రటి తల పాలిథిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) కప్పులో ఏళ్ల తరబడి తిరిగేటప్పుడు కంటికి కనబడని రేణువులు రాలుతాయి. వాటిని మింగిన రక్షణ కణాలు అరిగించుకోలేక విడుదల చేసే రసాయనాల ప్రభావంతో చుట్టూ ఉన్న ఎముక క్రమంగా కరిగిపోతుంది. మేకు చెక్కుచెదరకపోయినా గోడ గుల్లబారితే అది ఊగుతుంది కదా! ఆధునిక తుంటి కీలు మార్పిడికి బాట వేసిన బ్రిటిష్ సర్జన్ జాన్ చార్న్‌లీ మొదట అమర్చిన టెఫ్లాన్ కప్పులు కొద్ది ఏళ్లకే అరిగిపోవడంతో 1962లో ఆయన పాలిథిలీన్‌కు మారారు. తర్వాత వచ్చిన, అణుగొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసి గట్టిపరచిన క్రాస్‌లింక్డ్ పాలిథిలీన్ అరుగుదలను బాగా తగ్గించింది కానీ పూర్తిగా ఆపలేదు. లోహపు తల లోహపు కప్పులోనే తిరిగే రకమైతే కథ వేరు: రాలిన కోబాల్ట్, క్రోమియం చుట్టూ ఉన్న కండరాలను కూడా దెబ్బతీయగలవు. అలాంటి ఏఎస్ఆర్ అనే రకం ఇంప్లాంట్లను తయారీదారు 2010లో వెనక్కి తీసుకున్నాడు. అందుకే పాత ఆపరేషన్ ఫైలులోని ఇంప్లాంట్ స్టిక్కర్‌ను వెతికి డాక్టరుగారికి చూపించండి.

ఇక ఆగడం గురించి. నొప్పిని కొలతగా పెట్టుకోవద్దు, ఎందుకంటే ఎముక కరగడం చాలాకాలం నొప్పి లేకుండానే సాగుతుంది. పాత ఎక్స్‌రేలను కొత్తవాటి పక్కన పెట్టి చూస్తే స్టెమ్ కిందికి దిగిందా, ఎముక ఎంత తగ్గిందన్నది తెలుస్తుంది. మార్పు లేకపోతే డాక్టరుగారి పర్యవేక్షణలో కొంతకాలం ఆగవచ్చు. ఎముక తరిగిపోతూ ఉంటే మాత్రం ఆలస్యం చేసిన కొద్దీ తరిగిన చోట వేరే ఎముక అతికించడం, మరింత పొడవైన స్టెమ్ వాడటం వంటివి అవసరమై ఆపరేషన్ జటిలమవుతుంది. ఈలోగా బలహీనపడిన తొడ ఎముక విరిగే ప్రమాదమూ ఉంది.

నిర్ణయానికి ముందు ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోవడం తప్పనిసరి. అది కూడా ఇంప్లాంట్‌ను ఇలాగే వదులు చేస్తుంది, పైగా అప్పుడు ఆపరేషన్‌ను తరచుగా రెండు విడతల్లో చేయాల్సి వస్తుంది. శరీరంలో వాపును సూచించే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించండి, అవసరమైతే కీలులోని ద్రవాన్ని సూదితో తీసి పరీక్షిస్తారు. ఆ పరీక్ష పూర్తయ్యేదాకా సొంతంగా యాంటీబయాటిక్స్ వాడకండి, వాడితే సూక్ష్మక్రిమి బయటపడకపోవచ్చు.

రివిజన్ తర్వాత కీలు జారడం, ఇన్ఫెక్షన్ వంటి సమస్యలు మొదటి ఆపరేషన్‌కన్నా ఎక్కువ. కాబట్టి రివిజన్లు తరచుగా చేసే సర్జన్‌నే ఎంచుకోండి.