పాత బోటు కొంటున్నారా? మోటారు టైటిల్ చేతికొచ్చాకే డబ్బులివ్వండి

ప్రశ్న: మేం టెక్సస్‌లో, లిటిల్ ఎల్మ్‌లో ఉంటున్నాం. లేక్ లూయిస్‌విల్ ఇంటికి దగ్గరే. శని, ఆదివారాల్లో పిల్లలతో చేపలు పట్టడానికి 17 అడుగుల పాత బోటు ఒకటి చూశాను. వెనక తగిలించే మోటారు, ట్రైలర్‌తో కలిపి 9,600 డాలర్లు. రిజిస్ట్రేషన్ గడువు నిరుడే అయిపోయింది. అమ్మే ఆయన "కాగితం మీద 3,000 అని రాసుకుందాం, మీకు టాక్స్ కలిసొస్తుంది" అంటున్నాడు. బోటు టైటిల్ (యాజమాన్య పత్రం) చూపించాడు, మోటారుది తర్వాత వెతికి పంపిస్తాడట. మొత్తం ఫీజులు ఎంతవుతాయి?

జవాబు: ఫీజుల లెక్క ముందు చెప్పేస్తాను. మీరు అడిగింది అదే కానీ, నన్ను భయపెట్టింది మీ ఉత్తరంలోని రెండు మాటలు: కాగితం మీద 3,000 అని రాయడం, మోటారు టైటిల్ తర్వాత పంపిస్తాననడం.

16 అడుగుల నుంచి 26 లోపు బోటుకి రెండేళ్ల రిజిస్ట్రేషన్ 53 డాలర్లు. బోటు టైటిల్ మీ పేరు మీదికి మారడానికి 27. టెక్సస్‌లో వెనక తగిలించే మోటారుకి టైటిల్ వేరే ఉంటుంది, దానికి ఇంకో 27. మొత్తం 107. ఇది టెక్సస్ ప్రభుత్వ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్‌కి కట్టాలి. బోటుకి 143 నంబరు ఫారం, మోటారుకి 144.

అసలు బరువు టాక్స్‌ది. ప్రైవేటు మనిషి దగ్గర కొన్నా సరే 6.25 శాతం కట్టాల్సిందే. అందుకే బిల్ ఆఫ్ సేల్‌లో (అమ్మకం పత్రంలో) మూడు ధరలూ విడివిడిగా రాయించుకోండి. ఉదాహరణకి బోటు 5,000, మోటారు 3,600, ట్రైలర్ 1,000 అనుకుందాం. బోటు, మోటారు మీద టాక్స్ 537.50. ట్రైలర్‌ది కారుకి లాగే కౌంటీ టాక్స్ ఆఫీసులో వేరే పని, దాని మీద 62.50. అన్నీ కలిపితే 707 డాలర్లు. ట్రైలర్ ప్లేటు, చిల్లర ఫీజులు కూడా పడతాయి కాబట్టి 850 పక్కన పెట్టుకోండి. బోటు, మోటారు కాగితాలకి కొన్న రోజు నుంచి 45 పనిదినాల గడువుంది. అది దాటితే టాక్స్ మీద 5 శాతం, ఇంకో నెల దాటితే 10 శాతం జరిమానా.

ఇప్పుడు ఆ 3,000 సంగతి. అలా రాస్తే మీకు మిగిలేది 412 డాలర్ల 50 సెంట్లు. అందుకోసం ప్రభుత్వ ఫారం మీద అబద్ధానికి సంతకం పెట్టాలి. మీ బ్యాంకు ఖాతాలో మాత్రం 9,600 పోయినట్టే కనిపిస్తుంది. రేపు మోటారు దొంగ సరుకని తేలి మీరు కోర్టుకెళ్తే, మీ చేతిలో ఉన్న కాగితం 3,000 అనే చెబుతుంది. వద్దండీ. ఆయన మీకు మేలు చేస్తున్నాననుకుంటున్నాడేమో, కానీ సంతకం మీది.

మోటారు టైటిల్ "తర్వాత పంపిస్తా" అన్న మాట నమ్మి నా క్లయింటు ఒకాయన పూర్తి డబ్బు ఇచ్చేశాడు. అమ్మినాయన ఇల్లు ఖాళీ చేసి వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడు. బోటు ఈయన పేరు మీదికి వచ్చింది, మోటారు రాలేదు. రెండేళ్ల తర్వాత అమ్ముదామంటే వచ్చిన ప్రతివాడూ అదే అడిగాడు, చివరికి మోటారు సగం ధరకే పోయింది. ఆ కాగితాల ఫైలు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్న ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

మీరు ఈసారి వెళ్లేటప్పుడు ఒక పెన్సిలు, పల్చటి కాగితం తీసుకెళ్లండి. బోటు వెనక, కుడివైపు పైభాగాన 12 అక్షరాల హల్ నంబరు (బోటు గుర్తింపు నంబరు) చెక్కి ఉంటుంది. కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. మోటారుని బోటుకి బిగించే బ్రాకెట్ దగ్గర దాని సీరియల్ నంబరు ఉంటుంది, అదీ తీసుకోండి. రెండూ టైటిళ్లతో అక్షరం అక్షరం సరిపోవాలి. గీకేసినట్టున్నా, టైటిల్ మీద అమ్మే ఆయన పేరు కాక వేరే పేరున్నా అక్కడే ఆగండి. టైటిల్ మీద బ్యాంకు పేరుంటే అప్పు తీరినట్టు విడుదల పత్రం అడగండి.

బోటుకి ఇన్సూరెన్స్ తప్పనిసరని టెక్సస్ చట్టం అనదు. అయినా లయబిలిటీ (మీ బోటు వల్ల ఇతరులకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) తీసుకోండి, పిల్లలు ఎక్కే బోటు కదా. 1993 సెప్టెంబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. ఇక ఈ 9,600 మీ అత్యవసర నిధిలోంచి తీస్తున్నట్టయితే, బోటు వచ్చే ఏడాది కొనుక్కోండి.

మోటారు టైటిల్ దొరికే దాకా అడ్వాన్సు కూడా ఇవ్వకండి. ఈలోగా పిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టి గాలం వేయించండి. 17 ఏళ్ల లోపు వాళ్లకి ఫిషింగ్ లైసెన్సు అక్కర్లేదు, మీకు మాత్రం కావాలి.