లినక్స్‌లో వైరు నెట్ తెగిపోతోందా? ముందు వంటింట్లోకి వెళ్ళి చూడండి

మీ ప్రశ్న ఇది: ఉబుంటు లినక్స్ వేసిన డెస్క్‌టాప్‌లో వైఫై బాగానే వస్తోంది, వైరు పెడితే మాత్రం నెట్ మాటిమాటికీ తెగి మళ్ళీ వస్తోంది, డ్రైవర్ మార్చాలా, లేక లినక్సే తీసేయాలా అని. రెండూ వద్దు. వైరు మార్చండి. చూడకుండానే ఎలా చెబుతున్నాడీయన అనుకుంటారేమో. ఈ గొడవతో నాకు ఒక ఎండాకాలం మొత్తం పోయింది, ఆ హక్కుతో చెబుతున్నాను.

మాది కడప. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. హాల్లో రౌటర్, వెనక గదిలో నా కంప్యూటర్, మధ్యలో వంటిల్లు. ఇల్లు కట్టినప్పుడు వేసిన నెట్ వైరు వంటింటి గోడ మీదుగా నా గదికి వస్తుంది. ఏళ్ళ తరబడి దాని ఊసే ఎత్తాల్సిన పని పడలేదు. ఆ ఏప్రిల్‌లో ప్లాన్ పెంచి గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్లు) రౌటర్ పెట్టించాం. అప్పటి నుంచి మొదలైంది. మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ బొమ్మలా ఆగిపోయేవాణ్ణి. పది పదిహేను సెకన్లకు మళ్ళీ ప్రాణం వచ్చేది. మేనేజరుకు నా మీద అనుమానం, నాకు రౌటర్ మీద అనుమానం.

నెట్ కనెక్షన్ అబ్బాయిని పిలిచాను. తన ల్యాప్‌టాప్‌ను మూరెడు వైరుతో రౌటర్‌కు తగిలించి చూపించాడు, బ్రహ్మాండంగా వచ్చింది. నా గదిలోకి వచ్చి నల్ల టెర్మినల్ చూశాడో లేదో, “అన్నా, ఇది విండోస్ కాదా? అయితే అంతేలే అన్నా” అని మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. మధ్యలో ఉన్న పదిహేను మీటర్ల వైరు సంగతి అతనూ అడగలేదు, నాకూ తట్టలేదు.

ఇక ఇంటర్నెట్‌లో వెతకడం. లినక్స్, ఈథర్నెట్ (అంటే మన వైరు నెట్టే), తెగిపోవడం అని కొడితే చాలు, ‘ఆర్8169 డ్రైవర్ తీసేసి ఆర్8168 వేయండి’ అంటారు. రెండూ నెట్ కార్డును నడిపే ప్రోగ్రాములే. వేశాను. కరెంటు ఆదా చేసే ఈథర్నెట్ సదుపాయం ఆపేయమన్నారు, అది 2010లో వచ్చిన ప్రమాణం, ఆపేశాను. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను మార్చి పాతదానికి వెళ్ళాను. ఐపీవీ6, అంటే కొత్త రకం నెట్ చిరునామాలు, ఆపాను, దానికీ వైరు తెగడానికీ ఏమిటి సంబంధమో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. ఏది చేసినా ఒక పూట బాగుండేది. ‘అబ్బ, దొరికింది’ అనుకుని పడుకుంటే మర్నాడు పొద్దున మళ్ళీ మొదలు.

ఇంకో మంట కూడా ఉంది. పాత సలహాలన్నింటిలో నెట్ కార్డు పేరు ఈటీహెచ్0 అని ఉంటుంది. 2013 నుంచి, లినక్స్‌లో సర్వీసులన్నీ నడిపించే సిస్టమ్‌డీ పుణ్యమా అని ఆ పేర్లు ఈఎన్‌పీ3ఎస్0 లాంటి మంత్రాలైపోయాయి. కొత్తవాళ్ళు పాత కమాండు కాపీ కొట్టి, ‘అలాంటి డివైస్ లేదు’ అని వస్తే కార్డే పోయిందని ఏడుస్తారు. మొదట ‘ఐపీ లింక్’ అని కొట్టి మీ కార్డు పేరు చూసుకోండి.

సరే, నా కథ. ఒక రాత్రి విసుగొచ్చి ‘జర్నల్‌సీటీఎల్ మైనస్ కే’ కొట్టాను. మెషీన్ ఆన్ చేసినప్పటి నుంచి కెర్నల్ చెప్పిందంతా అందులో టైముతో సహా ఉంటుంది. ‘లింక్ ఈజ్ డౌన్’, ‘లింక్ ఈజ్ అప్’, మళ్ళీ ‘డౌన్’. లింక్ అంటే వైరు మీద కంప్యూటర్‌కూ రౌటర్‌కూ ఉన్న సంబంధం. మొదట నేను మాటలు చదివాను కానీ టైములు చదవలేదు. వారం రోజుల టైములు ఏరి క్యాలెండర్ కాగితం వెనక రాశాను. పొద్దున ఏడు ప్రాంతంలో ఒక గుంపు, పదకొండున్నరకు ఒకటి, రాత్రి ఏడుంబావుకు ఇంకొకటి. ఆదివారం మాత్రం 14 సార్లు.

ఆ కాగితం అమ్మ చూసింది. “ఏందిరా ఇది, నేను మిక్సీ వేసే టైములు రాసి పెట్టుకున్నావు?”

పొద్దున చట్నీ, పదకొండున్నరకు మసాలా, రాత్రికి పొడో పచ్చడో. ఆదివారమైతే దోసెల్లోకి ఎర్రకారం, తర్వాత చికెన్‌లోకి అల్లం వెల్లుల్లి. వెంటనే ‘మిక్సీ మోటారు నుంచి కరెంటు రొద వైరులోకి వస్తోంది’ అని తేల్చేశాను. ఎంత చదువుకున్నవాడి మాటలా ఉందో చూడండి! మిక్సీని కింద పెట్టి వేరే ప్లగ్గులో వేయించాను. నెట్ తెగలేదు. నా సిద్ధాంతం నిజమైందని ఎర్తింగ్ కోసం ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ కూడా చేశాను. వస్తానన్నాడు, రాలేదు. వాళ్ళు రాకపోవడం అప్పుడప్పుడు మంచిదే.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, రౌటర్, నా కంప్యూటర్ మాత్రమే నడుస్తాయి. మిక్సీ లేదు కాబట్టి అమ్మ చిన్న రోలు గట్టు మీద పెట్టుకుని ఎండు మిరపకాయలు, వెల్లుల్లి దంచడం మొదలుపెట్టింది. నెట్ పోయింది. దంచడం ఆపింది, వచ్చింది. మళ్ళీ దంచింది, పోయింది. వంటింట్లో కరెంటే లేదు, ఇక మోటారు రొద ఎక్కడిది? నేను పరుగెత్తుకెళ్ళి “ఇంకోసారి దంచు, ఇంకోసారి దంచు” అంటుంటే, ఎండకు వీడికేమన్నా అయిందేమోనని అమ్మ నా నుదురు పట్టుకుని చూసింది.

మా వైపు ఇళ్ళల్లో వంటింటి గట్లు, గోడ అరలు, అన్నీ కడప బండలే. ఆ గట్టు బండకూ గోడకూ మధ్య సందులోంచి నా వైరు పోతోంది. పైన మిక్సీ తిరిగినా, రోలు దంచినా బండ అదురుతుంది. అంచు నున్న చేయకుండా వదిలేసిన కడప బండ కత్తితో సమానం. వైరు బయటికి లాగితే పైతొడుగు తెగి, లోపల గోధుమ రంగు జతలో ఒక తీగ తెగి కొనలు ఆనీ ఆనకుండా ఉంది. తొడుగు ఒలిచి తీగను బ్లేడుతో గీకి చూశాను. పైన ఎర్రగా, లోపల తెల్లగా. రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. అది రెండు మూడు సార్లు వంగితే పుటుక్కుమంటుంది. ఇల్లు కట్టేటప్పుడు మేం గ్రానైటుకు, టైల్స్‌కు నాలుగు షాపులు తిరుగుతాం, నెట్ వైరు మాత్రం పనివాళ్ళు ఏది తెస్తే అది గోడలో పూడ్చేస్తాం.

మరి ఇన్నేళ్ళూ ఎలా పనిచేసింది? అక్కడే ఉంది అసలు సంగతి. నెట్ వైరులో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100 మెగాబిట్ వేగానికి రెండు జతలే చాలు, 1, 2, 3, 6 నంబర్ల పిన్నులు. గోధుమ రంగు జత 7, 8లో ఉంటుంది, దానికి అప్పుడు పనే లేదు. పాత రౌటర్ 100దే కాబట్టి ఆ తీగ ఎప్పుడు తెగిందో ఎవరికీ తెలియలేదు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. రెండు వైపులా ‘గిగాబిట్ మాట్లాడుకుందాం’ అని ఒప్పందం మొదటి రెండు జతల మీదే కుదిరిపోతుంది, తీరా మొదలుపెట్టాక నాలుగో జత హ్యాండిస్తుంది. లింక్ పడిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. కొన్ని కార్డులు ఇక లాభం లేదని 100కు దిగిపోతాయి. కొత్త రౌటర్ వచ్చాకే పాడైంది కాబట్టి రౌటర్‌దే తప్పని నేను తిట్టిన తిట్లకు లెక్కలేదు.

మీ విషయానికొస్తే, ‘సుడో ఈథ్‌టూల్’ తర్వాత కార్డు పేరు కొట్టి స్పీడు ఎంతో చూడండి. రెండు వైపులా గిగాబిట్ ఉండి అక్కడ 100 అని కనిపిస్తే జతలు లెక్కపెట్టుకోవాల్సిందే. ‘ఐపీ మైనస్ ఎస్ లింక్’లో ఎర్రర్స్ కింద అంకె పెరుగుతుంటే అదీ వైరు మాటే. డ్రాప్డ్ అన్నది వేరు, దాన్ని చూసి టెన్షన్ పడకండి. ఇంకో మంచి చిట్కా: ‘సిస్, క్లాస్, నెట్’ ఫోల్డర్లలో మీ కార్డు పేరు కింద ‘క్యారియర్ ఛేంజెస్’ అనే ఫైలు ఉంటుంది. లింక్ పడినప్పుడూ లేచినప్పుడూ అందులో అంకె పెరుగుతుంది. ఒకరు ఆ అంకె చూస్తుంటే ఇంకొకరు వైరును ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా కదపండి. ఎక్కడ పట్టుకుంటే అంకె మారుతుందో అక్కడుంది దొంగ.

కొత్త వైరు వచ్చేదాకా 100 దగ్గరే ఆపుకుని బతకొచ్చు. కానీ ఆటో నెగోషియేషన్, అంటే పైన చెప్పిన ఒప్పందం, ఆపేసి బలవంతంగా 100 పెట్టకండి, అవతలి రౌటర్ హాఫ్ డూప్లెక్స్‌లోకి (ఒకసారికి ఒకవైపే మాట్లాడే పద్ధతి) పడిపోయి కొత్త తలనొప్పి వస్తుంది. ఈథ్‌టూల్‌లోనే ‘అడ్వర్టైజ్ 0ఎక్స్008’ అని ఇస్తే ఒప్పందం ఉంచుకుంటూనే 100 ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి రెండు వైపులా మాట్లాడేది) మాత్రమే అడుగుతుంది. నేను నాలుగు రోజులు అలాగే నడిపాను, మీటింగుల్లో ఎవరికీ తేడా తెలియలేదు.

తర్వాత అసలు రాగి తీగలున్న క్యాట్ 6 వైరు తెచ్చి, గట్టు జోలికి పోకుండా తలుపు పైనుంచి వేశాను. మిక్సీ మళ్ళీ బండ మీదికెక్కింది. పాత వైరు మేడ మీద దండెం అయింది, బట్టల బరువుకు అదీ నెల తిరక్కుండా తెగింది.

ఈ రాత్రికి ఆ స్పీడు, తెగిన టైములు రెండూ చూసి కింద రాయండి. టైములతో పాటు ఆ వైరు మీ ఇంట్లో ఎక్కడెక్కడినుంచి పోతోందో కూడా.