కార్డు అమెరికాది, తోట కోనసీమది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. రిటైర్డ్ టీచర్ని. మా ఇద్దరికీ 65 దాటాయి. అబ్బాయి ద్వారా గ్రీన్‌కార్డు వచ్చి 2022 డిసెంబరులో అమెరికా వెళ్లాం. ఉండలేక మర్నాటి వేసవికే వచ్చేశాం. పింఛను, ఎఫ్‌డీ వడ్డీ, రెండెకరాల వరిచేను కౌలు, ఎకరంన్నర కొబ్బరితోట. మా ఆదాయం ఇంతే. అక్కడ రూపాయి సంపాదన లేకపోయినా రిటర్న్ వేయాలంటున్నారు. నిజమేనా? కార్డు తిరిగిచ్చేస్తే సరిపోతుందా?

జవాబు: మాస్టారూ, నిజమే. కార్డు ఉన్నంతకాలం మీరెక్కడున్నా అమెరికా పన్ను చట్టం మిమ్మల్ని అక్కడి నివాసిగానే చూస్తుంది. ఏ దేశంలో వచ్చిన ఆదాయమైనా లెక్కలోకి వస్తుంది. ఏడాదికి పైగా అక్కడికి వెళ్లకపోతే ఇమిగ్రేషన్ వాళ్లు కార్డు వదిలేసుకున్నారని అనుకోవచ్చు, కార్డు మీద తేదీ కూడా దాటిపోవచ్చు. పన్ను విషయంలో ఆ రెండూ చాలవు. కార్డు వదులుకుంటున్నామని తెలిపే ఐ-407 ఫారం మీరు ఇచ్చేదాకా, లేదా ప్రభుత్వమే అధికారికంగా రద్దు చేసేదాకా మామూలుగా ఈ బాధ్యత పోదు.

పింఛను, వడ్డీ, కౌలు గురించి పెద్దగా టెన్షన్ వద్దు. 65 దాటిన దంపతులు కలిపి రిటర్న్ వేస్తే 2025 ఆదాయంపై స్టాండర్డ్ డిడక్షనే, అంటే ఆదాయపు పన్ను లెక్కలోంచి తీసేసే మొత్తమే, 34,700 డాలర్లు. మీ మూడు ఆదాయాలూ కలిపినా అంతకు చాలా లోపే ఉంటాయి.

నన్ను ఆలోచనలో పడేసింది మీ కొబ్బరితోట. ఇక్కడ వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి కాయల దింపు డబ్బులకి మనవాళ్లు లెక్కే రాయరు. అమెరికాలో ఆ మినహాయింపు లేదు. రొక్కానికి కౌలుకిచ్చిన వరిచేను అద్దె కిందకి వస్తుంది. తోట మీరే చూసుకుంటుంటే మాత్రం అది స్వయం ఉపాధి. దింపు కూలి, ఎరువులు, మిగతా ఖర్చులు పోగా ఏడాదికి 400 డాలర్లు, అంటే సుమారు 35 వేల రూపాయలు మిగిలినా రిటర్న్ వేయాల్సిందే. అక్కడి సోషల్ సెక్యూరిటీ (పింఛను పథకం), మెడికేర్ (వైద్య బీమా) కింద మిగులులో సుమారు 14 శాతం కట్టాలి. లక్షన్నర మిగిలితే 21 వేలన్నమాట. స్టాండర్డ్ డిడక్షన్ దీన్ని తగ్గించదు. పన్ను కోసమే తోట మక్తాకిచ్చేయమని నేను చెప్పను. ప్రతి దింపుకీ ఎన్ని కాయలు, ఏ రేటు, కూలి ఎంత అన్నది ఒక నోట్‌బుక్‌లో రాయండి. వ్యాపారి ఇచ్చిన చీటీ ఆ పేజీకే పిన్ను కొట్టండి. లెక్క లేకపోతే ఖర్చులు చూపించుకోలేరు.

రెండోది ఎఫ్‌బార్, అంటే అమెరికా బయట ఉన్న ఖాతాల నివేదిక. ఇక్కడి ఖాతాలూ ఎఫ్‌డీలూ అన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు, దాదాపు 9 లక్షలు, దాటితే ఆ వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. దీనికి పన్నేమీ లేదు, కానీ పంపకపోతే జరిమానా పెద్దది. ఉమ్మడి ఖాతాలు మేడమ్‌గారి లెక్కలోకీ వస్తాయి. పొలం, తోట, ఇల్లు ఇందులో చూపక్కర్లేదు.

కార్డు తిరిగిచ్చేస్తే గడిచిన ఏళ్ల బాకీ చెరిగిపోదు. తెలియక వేయనివాళ్ల కోసం స్ట్రీమ్‌లైన్డ్ అనే పద్ధతి ఉంది. గత మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్లలో వేయాల్సిన ఎఫ్‌బార్‌లు, తెలియక జరిగిందన్న వివరణ ఇస్తే మీలా విదేశంలో ఉంటున్నవారికి జరిమానా వేయరు. పన్ను, దాని మీద వడ్డీ కట్టాలి. అక్కడి పన్ను శాఖ నుంచి విచారణ మొదలైతే ఈ దారి మూసుకుపోతుంది, కాబట్టి ముందు ఇది పూర్తి చేయండి. ఐ-407 ఆ తర్వాతే.

అలాగని ఏళ్లూ పూళ్లూ ఆగొద్దు. గత 15 ఏళ్లలో 8 ఏళ్లు కార్డు ఉన్నవారు దాన్ని వదులుకుంటే ఎగ్జిట్ టాక్స్, అంటే వదులుకునేటప్పుడు ఆస్తుల మీద వేసే పన్ను, నిబంధనలు వర్తిస్తాయి. ఏడాదిలో ఒక్కరోజున్నా ఏడాది కిందే లెక్క. మీకు 2022 మొదటిది, 2029 జనవరి 1తో ఎనిమిదోది మొదలవుతుంది. ఆ పన్ను 20 లక్షల డాలర్ల ఆస్తి ఉన్నవాళ్లకేలే అనుకుంటారు. గత ఐదేళ్లూ పన్ను బాధ్యతలన్నీ తీర్చామని ధ్రువీకరించలేని మామూలువాళ్లకీ అది తగులుతుంది.

తర్వాత మనవల్ని చూడటానికి విజిటర్ వీసాకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ ఇంటర్వ్యూకి ఐ-407 కాపీ వెంట తీసుకెళ్లండి.