ఉపాధ్యాయులకు పన్ను మినహాయింపు ఇస్తే ఖజానాకు ఎంత తగ్గుతుంది?

ఉపాధ్యాయులందరికీ ఆదాయపు పన్నులో అదనంగా 50,000 రూపాయల మినహాయింపు ఇస్తే ప్రభుత్వ రాబడి ఎంత తగ్గుతుందన్నది ప్రశ్న. ఉపాధ్యాయుల సంఖ్యను 50,000తో గుణించడం చాలామంది చేసే పొరపాటు. మినహాయింపు తగ్గించేది పన్ను లెక్కకు వచ్చే ఆదాయాన్నే తప్ప నేరుగా పన్నును కాదు.

విశాఖలోనే ఇద్దరిని ఊహించుకుందాం. గాజువాకలో ఒక ప్రైవేటు పాఠశాలలో నెలకు 18,000 రూపాయలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలికి ఆ జీతం మీద ఇప్పటికే ఆదాయపు పన్ను పడదు కనుక, ఆమెకు దక్కేదీ ఖజానాకు తగ్గేదీ సున్నాయే. భీమిలిలో నెలకు 1,25,000 రూపాయలు అందుకునే ప్రధానోపాధ్యాయుడికి, 2025-26 కొత్త పన్ను విధానం (రేట్లూ మినహాయింపులూ తక్కువుండేది) ప్రకారం, ఏడాది జీతం 15,00,000లో జీతగాళ్లందరికీ దక్కే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 14,25,000 మిగులుతుంది. అది 15 శాతం రేటు పడే శ్లాబు (ఆదాయ శ్రేణి) కాబట్టి ఆయనకు 7,500, పన్ను మీద అదనంగా వేసే సెస్సుతో కలిపి 7,800 రూపాయలు ఆదా అవుతాయి. అవసరం ఎక్కువున్న ఆమెకు ఏమీ అందకపోవడం నన్ను బాధించే విషయం.

కొత్త విధానంలో ఏడాదికి 12,75,000 దాకా జీతానికి రిబేటు (పన్నులో ఇచ్చే తగ్గింపు) వల్ల పన్నే ఉండదు. అందుచేత సగటు జీతంతో వేసిన అంచనా తప్పుతుంది, జీతాల స్థాయిని బట్టి ఎందరున్నారో విడివిడిగా లెక్కించాలి. మినహాయింపులు ఎక్కువుండే పాత పన్ను విధానంలో కొనసాగుతున్నవారిని వేరుగా చూడాలి.

ఆదాయపు పన్ను వంటి పంచదగిన కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 41 శాతం కనుక నష్టంలో కొంత రాష్ట్రాలకూ చేరుతుంది, సెస్సు మాత్రం పంపకంలోకి రాదు. దీనికి బదులు రాష్ట్రం జీతాల మీద వేసే వృత్తి పన్ను రద్దు చేస్తే లెక్క సులువు: మన ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 20,000 దాటిన జీతానికి 200 చొప్పున, తలకు ఏడాదికి 2,400 రూపాయలు.